హంసలదీవి యాత్ర

యాత్ర యనగానే మనకు కాశీ రామేశ్వరములు స్ఫురించును. మేము చేసివచ్చినది అంతటి దూరయాత్ర కాదు. గుడివాడనుండి బందరు మీదుగా దివిసీమకు, అచ్చటినుండి కృష్ణవేణి సముద్రమున గలియు హంసలదీవికి బోయి మరునాటి రాత్రికే ఇల్లు చేరితిమి. దారి చిన్నదే. కాని ఆ దారిని పోవుటకు మా అత్తగారికి నలువదియేడేండ్లు పట్టినది.

1977 నవంబరు 19, శనివారమునాడు దివిసీమను ఉప్పెన ముంచినది. పదివేలకు పైబడి జనులు మడసిరి. అప్పటికి మా అత్తగారు పదునాలుగేండ్ల బాలిక. చదువు నిమిత్తము గుడివాడలో మేనమామగారింట నుండిరి. కోడూరు ప్రాంతమున, సముద్రమునకు దాపుననున్న పల్లెలో ఆమె తల్లిదండ్రులును, తొమ్మిదేండ్ల తమ్ముడును ఉండిరి. ఆ వైశాఖముననే ఆ పిల్లవానికి ఒడుగు జరిగినది. ఉప్పెనకు కొన్నిదినములకు ముందు వాడు అక్కకు కార్డు వ్రాసి, సంక్రాంతికి వచ్చునపుడు బొంగరము తెమ్మని కోరెను. ఆమె కొని యుంచిరి.

తండ్రి ఆనాడు పొరుగూరు పోయియుండుటచే బ్రదికెను. తల్లి కళేబరము మూడవనాడు తాళ్ళతోపులో దొరకినది. పిల్లవాడు మాత్రము దొరకలేదు. కానరానివానికొరకు పన్నెండేండ్లు ఎదురుచూచి, పిమ్మట దర్భలతో ప్రతిమ గావించి సంస్కరింపవలెనని పెద్దలు చెప్పుదురు. ఆ గడువు తీరకమునుపే తండ్రియు గతించెను. తరువాత ఆ మాట తలపెట్టుటకు మా అత్తగారు ఎవ్వరికిని సందు ఇయ్యలేదు. "వాణ్ణి ఏ పడవవాళ్ళో తీసి పెంచుకుంటూ ఉంటారు" అనెడివారు.

మామగారు గతించినది మొదలు మావారు ఏటేట మహాలయ అమావాస్యకు పితృదేవతలకు తిలోదకములు విడుచుచున్నారు. మాతామహులైన పిమ్మట మేనమామ పేరు రావలెను. అంతలో వంటింటిలోనుండి అత్తగారి దగ్గు వినబడెడిది. మావారు ఆ పేరు దాటించి ముందునకు సాగెడివారు. తల్లికి మాయింట చోటు కలదు. సువాసినిగా పోయినది గనుక, పెండ్లియైనను పేరంటమైనను ముందుగా పేరంటాలు పేర చీరయు, పసుపుకుంకుమలును పెట్టి మ్రొక్కుదుము. తమ్మునికే, అటు బ్రదికినవారిలోగాని ఇటు పోయినవారిలోగాని చోటు లేకపోయినది.

2024 సెప్టెంబరు మొదట కృష్ణకు గొప్ప వరద వచ్చినది. ప్రకాశం బ్యారేజివద్ద పదకొండు లక్షల క్యూసెక్కులకు మించి నీరు పారినది. ఆ వార్తలు వినుచు అత్తగారు రెండు మూడు రాత్రులు కన్నుమూయలేదు. ఒక ఉదయమున "అమ్మాయీ, ఈసారి అమావాస్యకు హంసలదీవి పోదాం" అనిరి. అమావాస్య అక్టోబరు 2వ తేదీన వచ్చినది. గాంధీజయంతి గనుక బడికి సెలవు. ముందునాటి ఉదయముననే బయలుదేరితిమి.

గుడివాడలో ప్రాచీన బౌద్ధస్తూపపు దిబ్బ యున్నది. దివిసీమకు ఆవలిగట్టుననున్న భట్టిప్రోలు స్తూపమునందు 1892లో అలెగ్జాండర్ రీ దొరగారు త్రవ్వింపగా ధాతుకరండములు బయల్పడినవి. రెండువేల యేండ్లకు పూర్వమే ఈ కృష్ణాతీరపు జనులు, పోయిన మహనీయుని ధాతులను భరిణెలలో భద్రపరచి, పైన ఇటుకలు పేర్చి, చుట్టును ప్రదక్షిణము చేసిరి. చేతికి తగులు గురుతు ఒకటి ఉండవలెనను కోరిక మనదేశమున నేటిది కాదు.

రైలులో బందరు చేరి కోటవైపు పోయితిమి. అచ్చట డచ్చివారి గోరీలు కలవు. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దములలో వర్తకమునకు వచ్చి, ఇచ్చటనే కన్నుమూసినవారికి, వారి బంధువులు నల్లరాతిపలకలపై పేర్లును వంశచిహ్నములును చెక్కించిరి. సెయింట్ మేరీ దేవళమును గూర్చి ఒక కథ చెప్పుదురు. 1809లో అరబెల్లా రాబిన్‌సన్ అను కన్య మరణింపగా, ఆమెను వలచిన పేటర్ అను సేనాని ఆ సమాధిమీదనే దేవళము కట్టించెనట. నవంబరు 2వ తేదీన కతోలిక సోదరీమణులు సమాధులపై క్రొవ్వొత్తులు వెలిగింతురు. మహమ్మదీయ కుటుంబములవారు షబేబరాత్ రాత్రి గోరీలకడ ప్రార్థన చేయుదురు. మతములు వేరైనను దీపము పెట్టుచోటు ఒక్కటి అందరికిని కావలెను.

ఈ బందరు 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తానును ఉప్పెన పాలైనది. ఆనాడు ముప్పదివేలమంది మరణించిరని వ్రాతలు చెప్పుచున్నవి. వారిలో గోరీ దక్కినవారెందరు?

ఒకవీధి మలుపున అత్తగారు ఆగి, "ఆ ఇల్లే" అనిరి. ముప్పదియేండ్లక్రిందట మృతులతో మాటలాడింతునను ఒకని దగ్గరకు ఆమె అచ్చటికి వచ్చిరట. అతడు కనులు మూసికొని, మీ తమ్ముడు ఉత్తరదేశమున సుఖముగా నున్నాడని చెప్పెను. ఆ మాటకు ఆమె చేతి గాజు ఒకటి చెల్లినది. "నే తలుచుకున్నదే నాకు తిప్పి చెప్పాడు. తెలిసే నమ్మాను" అని ఆమె నడక సాగించిరి. మేమేమియు ఆడలేకపోతిమి.

చల్లపల్లి, మోపిదేవి దాటి, పులిగడ్డవద్ద కృష్ణను గడచి దివిసీమలో ప్రవేశించితిమి. ఇరుప్రక్కల పచ్చని వరిచేలు, రొయ్యల చెరువులు, కొబ్బరితోటలు. ఇది ఒకనాడు శ్మశానమైనదని చెప్పినను నమ్మశక్యము కాదు. ఉప్పెనమృతులకు ఈ సీమలో స్మారకస్తంభము కలదు. ఏటేట నవంబరు 19న అచ్చట పూలుంచుదురు.

ఆ రాత్రి అవనిగడ్డలో బంధువులయింట బసచేసితిమి. నిద్రపట్టక అత్తగారు భారతకథ చెప్పుమనిరి. బాల్యమున మా తండ్రిగారు చదివించిన తిక్కనగారి ఆశ్రమవాసపర్వము జ్ఞప్తికి వచ్చినది. యుద్ధమైన చాల ఏండ్లకు వ్యాసమహర్షి గంగలో దిగి పిలువగా, మృతులైన వీరులందరును నీటిలోనుండి లేచివచ్చిరి. గాంధారి కొడుకులను, సుభద్ర అభిమన్యుని కన్నులార చూచిరి. ఆ ఒక్క రాత్రియు వైరములు లేవు, ఏడ్పులు లేవు. తెల్లవారగానే వారు మరల గంగలో గలసిరి.

"కుంతి కర్ణుణ్ణి చూసిందా?" అని అత్తగారు అడిగిరి.

"చూచినదండీ."

ఆమె కొంతసేపు ఊరకుండి, "ముందు నీళ్ళు వదిలించిందిగా" అనిరి.

ఇన్నియేండ్లుగా చదివియు మేము ఆ రెండు ఘట్టములను కలిపి చూడనేలేదు. స్త్రీపర్వమున, యుద్ధాంతమందు పాండవులు ఉదకదానము చేయునపుడు, బ్రదుకంతయు దాచిన మాటను కుంతి బయలుపరచి, కర్ణుడు మీ యన్న, అతనికిని నీరు విడువుడని చెప్పినది. నీటిమీద పేరు పలికినపిమ్మటనే, ఏండ్లు గడచి, నీటిలోనుండి ఆ ముఖము ఆమెకు కనబడినది.

వేకువనే హంసలదీవి చేరి వేణుగోపాలస్వామిని సేవించితిమి. కాకి ఈ సంగమమున మునిగి హంసయైనదని స్థలపురాణము. అచ్చటినుండి పాలకాయతిప్ప మీదుగా సంగమమునకు పోయితిమి. మడచెట్ల నడుమనుండి వచ్చిన బురదనీరు, నీలపునీరు కొంతమేర వేరువేరుగా కనబడి, పిమ్మట ఏది యేదో తెలియదు.

మావారు స్నానముచేసి కూర్చుండిరి. చెంబుతో నీరు పోయుటకు అత్తగారే నిలిచిరి. తమ్ముని సంగతి విన్న పురోహితుడు, "ప్రతిమవిధి ఇంటిదగ్గర తరువాత జరిపించుకోండి. పేరు తెలియనివాళ్ళకు కూడా నీళ్ళు వదలమంటుంది శాస్త్రం. పేరు తెలిసినవాణ్ణి ఎట్లా మానుతామమ్మా?" అనెను. నిజమే. తర్పణము చివర తడిబట్ట పిండి, సంతతిలేక పోయినవారికి ఆ నీటిని ధారవోయుదురు. ఎవ్వరును మిగులకూడదని పూర్వులు అంతవరకు ఆలోచించిరి.

మాతామహులైన పిమ్మట, అలవాటుచొప్పున మావారు ఆగిరి. అలల చప్పుడు తప్ప వేరొకటి లేదు. అంతట అత్తగారు తమ్ముని పేరు పలికిరి. గొంతు వణకలేదు. ఆ పేరు ఇచ్చట వ్రాయము, అది ఆమె సొత్తు. మావారు మూడుమారులు నీరు విడిచిరి, ఆమె మూడుమారులు పోసిరి.

పరలోకమెట్టిదో మేము చూచినవారము కాము. కాని సోదరీమణులారా, ఒకటి మాత్రము ఈ యాత్రలో కనుగొంటిమి. పోయినవారిని పోలేదని పట్టుకొన్నంతకాలము వారికి మనము ఏమియు పెట్టలేము. పోయిరని ఒప్పుకొన్న క్షణమునుండి దోసెడు నీరు పెట్టవచ్చును, చీర పెట్టవచ్చును, పేరు పెట్టి పిలువవచ్చును. ఆ యిచ్చుటయే మనకు వారితో మిగిలిన చుట్టరికము.

ఇల్లు చేరిన మరునాడు అత్తగారు పెట్టె తెరచి, ఎవ్వరిని ముట్టనీయని ఆ లక్కబొంగరమును తీసి మా చిన్నవాని చేతబెట్టి, "మీ తాతది, జాగ్రత్తగా ఆడుకో" అనిరి. సాయంకాలమువరకు వాకిట దాని చప్పుడు వినబడుచునే యుండెను. ఆమె అరుగుమీద కూర్చుండి చూచుచుండిరి.