నాయనగారి పాటలపెట్టె

గడచిన భోగిపండుగకు ముందు మా యింటి అటక దులుపుచుండగా, పాత పట్టుగుడ్డ సంచిలో చుట్టియుంచిన యొక చిన్న పెట్టె నా చేతికి తగిలినది. అరచేతిలో నిముడునంతది. వెనుకభాగము అద్దమువలె మెఱయు ఉక్కురేకు. ముందువైపున చిన్న తెర, దాని క్రింద వ్రేలితో త్రిప్పుటకు గుండ్రని చక్రము. నిచ్చెన పట్టుకొని నిలిచిన మా యమ్మాయి, "అమ్మా, ఇది ఏ కాలం ఫోను? కెమెరా ఏదీ?" అని యడిగెను. ఫోను కాదే, పాటలపెట్టె యంటిని. "పాటలు మాత్రమేనా? ఇంకేమీ చెయ్యదా?" యని అది నవ్వెను. మా యింట అది పాట తప్ప మఱేమియు చేయలేదు. ఆ సుగుణమును దానికి వివరింపబోయి, గొంతు పెగలక నిచ్చెన దిగితిని.

2010వ సంవత్సరములో, బెంగుళూరున ఉద్యోగము చేయుచుండిన మా యన్న ఆ పెట్టెను మా నాయనగారికి కొనితెచ్చెను. వారు చిత్తూరు ప్రక్కనున్న పల్లెలో తెలుగు పండితులుగా పనిచేసి అప్పటికే విశ్రాంతి తీసికొనియుండిరి. దాని పేరు ఐపాడ్ క్లాసిక్. పట్టు 160 జీబీలు. నాలుగేసి నిమిషముల పాటలైనచో 40,000 పట్టునని చేసినవారి ప్రకటన. ఆ సంఖ్య విని నాయనగారు కళ్ళజోడు సవరించుకొని, "అట్లయితే ముప్పదిరెండువేల అన్నమయ్య కీర్తనలును ఇందులో పెట్టి, ఇంకను ఎనిమిదివేలకు చోటు మిగులునా!" యని ఆశ్చర్యపడిరి. మా ప్రాంతమువారికి పాటలను కొలుచుటకు వేఱొక మానిక తెలియదు గదా!

సోదరీమణులలో చిన్నవయసువారికి ఈ పెట్టెల కథ తెలియకపోవచ్చును. 1979లో జపానువారి వాక్‌మన్ వచ్చి, నడచుచు క్యాసెట్టు వినుట లోకమునకు అలవాటు చేసెను. క్యాసెట్టున గంటయో గంటన్నరయో పాట. 2001 అక్టోబరులో ఆపిల్ సంస్థవారు తొలి ఐపాడును చూపినపుడు అది 5 జీబీలది, వేయిపాటలు పట్టునది. ఎనిమిది సంవత్సరములు తిరుగునప్పటికి ఆ అయిదు నూటయరువది యయ్యెను. లోపల నుండునది కంప్యూటరులో నుండు జాతి డిస్కే గాని, రెండంగుళములకన్న చిన్నది. పాట యడిగినంతనే ఆ డిస్కు మేల్కొని, నిమిషమునకు వేలచుట్లు తిరిగి, రాబోవు కొన్నిపాటలను గూడ నొక్కసారిగా చదివి వేఱుగా నుంచి, మరల నిద్రించును. చెవికి దగ్గఱగా పెట్టుకొనినచో ఆ సన్నని తిరుగుడు వినబడెడిది. "లోపల ఎవరో తిరుగలి త్రిప్పుచున్నారే" యని నాయనగారు మురిసెడివారు.

ఆ పెట్టెను నింపుటకు వారికి రెండు వేసవులు పట్టినవి. క్యాసెట్టును కంప్యూటరులోనికి ఎక్కించుటకు అడ్డదారి లేదు. టేపురికార్డరునుండి తీగ తగిలించి మొదటినుండి తుదివఱకు ఆడనీయవలెను. గంట క్యాసెట్టునకు గంట పట్టును. నడుమ కరెంటు పోయినచో మరల మొదటికే వచ్చును. సుబ్బులక్ష్మిగారి బాలాజీ పంచరత్నమాల, బాలకృష్ణప్రసాద్‌గారి కీర్తనలు, ఘంటసాలవారి పద్యములు, ఊరూర తిరిగి వారే పట్టుకొనిన హరికథలు, అన్నియు నట్లే యెక్కినవి. వానితోపాటు మా అవ్వ పాటలు.

అవ్వకు అక్షరము రాదు. పాటలు మాత్రము ఎన్ని వచ్చునో ఆమెకే తెలియదు. దంపునప్పటి సువ్విపాటలు, తలంటుపాటలు, లాలిపాటలు, సంక్రాంతినెలలో గొబ్బిపాటలు, అప్పగింతలనాడు పెండ్లివారిని గూడ కంటతడి పెట్టించు పాటలు, తుదకు మంగళహారతులు. టేపురికార్డరు ఎదుట పెట్టి పాడుమన్నచో, "మిషనుకు పాడేదేందిరా!" యని లేచిపోయెడిది. అందుచే 1999లో నాయనగారు దానిని చేటక్రింద దాచి, ఆమె పనిలో నుండగా పదిదినములు కొంచెము కొంచెముగా పట్టిరి. నలుబదిమూడు పాటలు వచ్చినవి. నాకప్పుడు పదేండ్లు. చేటక్రింద మిషను నొక్కు పని నాదే. నవ్వు ఆపుకొనలేక రెండుపాటలు చెడగొట్టితిని. ఆ మఱుసటి సంవత్సరమే అవ్వ కాలము చేసినది.

ఇక నేను చేసిన ఘనకార్యము చెప్పవలెను. 2013 వేసవిలో పుట్టింటికి పోయినప్పుడు ఇల్లు సర్దు ఉత్సాహము నాకు పట్టినది. ట్రంకుపెట్టె నిండ బూజుపట్టిన క్యాసెట్లు. అన్నియు పాటలపెట్టెలో నున్నవి గదా, ఈ చెత్త యేల యని పాతసామానువానికి వేసితిని. బదులుగా నొక ప్లాస్టిక్ చేట వచ్చినది. సాయంకాలము నాయనగారు బజారునుండి వచ్చి, ఖాళీ ట్రంకును చూచి, "అవ్వ క్యాసెట్టు గూడనా?" యని మాత్రమడిగి, కాళ్ళు కడుగుకొనబోయిరి. ఆ చేట యిప్పటికిని మా యింట నున్నది. దానిలో బియ్యమేఱునపుడెల్ల ఆ మాట వినబడుచుండును. పాటలు పెట్టెలోనికెక్కించిన కంప్యూటరు అప్పటికే పాడైయుండెను. కంప్యూటరునుండి పెట్టెలోనికి పాటలెక్కుట సులభమే గాని, దొంగనకళ్ళ భయముచే కాబోలు, పెట్టెనుండి వెలికి తీయు దారి సామాన్యులకు కనబడునట్లుండదు. ఆ విధముగా అవ్వ గొంతు లోకమున నొక్కచోటనే మిగిలినది. ఆ సంగతి నాకు నాడు తోచలేదు.

మఱుసటి యేడు, 2014 సెప్టెంబరులో, ఆ పెట్టెల అమ్మకమే నిలిచిపోయెను. దానికి కావలసిన భాగములు లోకములో నెక్కడను దొరకుట లేదనియు, క్రొత్తగా రూపింపవలెనన్న కోరువారు కొద్దిమందియే యనియు ఆ సంస్థ అధిపతి టిమ్ కుక్ చెప్పెను. 2008లో ఒక్కయేట అయిదుకోట్లకు మించి ఐపాడులు అమ్ముడుపోయినవన్న, ఆఱేండ్లలో నెంత మార్పో చూడుడు. తిరుగుడు లేని జ్ఞాపకపు చిప్పులు చవుకయ్యెను. ఫోను చేతికి వచ్చినపిదప రెండవపెట్టె మోయుట యేలయని జనులు తలచిరి. మన దేశమున 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పటినుండి, అంతకుముందు జీబీకి వందలరూపాయలు పోసినవారమెల్ల దోసిళ్ళతో ముంచుకొన మొదలిడితిమి. అడిగిన క్షణమున పాట గాలినుండి దిగుచుండగా ఇంట దాచుకొనువారెవరు? 2022 మేనెలలో ఐపాడ్ పేరుగల కడపటి పెట్టెకును స్వస్తి చెప్పిరి.

నేటికిని పెద్దపట్టు గల పెట్టెలను కొందఱు చేయుచున్నారట; వాని వెల బడిపంతులుగారి భార్య యడుగదగినది గాదు. మా యత్తగారు మాత్రము 2017లో సరిగమవారు మొదలుపెట్టిన కారవాన్ జాతి రేడియోను కొనిపించుకొని, వారు ముందుగా నింపియిచ్చిన వేలపాటలతో హాయిగా నున్నారు. మీట నొక్కినచో ఘంటసాల, మఱియొక మీట నొక్కినచో సుశీల. "ఇంతకన్నా ఏమి గావల్ల?" యందురు. నిజమే, ఆమెకు కావలసినవన్నియు నింపినవారికి ముందే తెలిసియున్నవి.

ఫోనును నేను తూలనాడను. మా వీధి చివర పూలుగట్టు నామె, నాయనగారు ఇరువదియేండ్లు వెదకి కూర్చిన పాటలకన్న నెక్కువ, కాసు ఖర్చులేకుండ పూటపూటకు వినుచున్నది. ఇది చిన్న మేలు గాదు. అయినను ఇల్లాండ్ర విషయమున నొకమాట యున్నది. చింతపండు పిసుకుచున్న చేతులతో నేనొక కీర్తన విన మొదలిడుదును. పల్లవి ముగియకమునుపే గ్యాసువాని పిలుపు. అనుపల్లవిలో నాడపడుచు పంపిన శుభోదయపు గులాబి టింగుమనును. చరణములో అమ్మాయి వచ్చి, హోంవర్కు గ్రూపులో వచ్చినది, ఫోనిమ్మని కొనిపోవును. ఎవ్వరును పిలువకున్న, కీర్తనకును కీర్తనకును నడుమ పండ్లపొడివాడు వచ్చి యఱచును. నిరుడు విన్నపాట ఈయేడు ఒప్పందము తీరినదని మాయమగుటయు గలదు. నాయనగారి పెట్టెలో పాట నడుచుచుండగా ఎవరును మనలను పిలువలేరు. వంటయింట ఆ గంటసేపు నేనెవరికిని దొరకకుండెడిదానను. ఇది స్వార్థమనుకొనువారు అనుకొందురు గాక.

2018లో నాయనగారు పోయిరి. మాసికములైనపిదప అమ్మ ఆ పెట్టెను నాకిచ్చినది. వినుటకు ధైర్యము చాలక, పట్టుగుడ్డలో చుట్టి, ఎవరి చేయి తగులని అటకమీద భద్రపఱచితిని. భద్రమట! తిరుగుటకై పుట్టిన డిస్కును ఏండ్లతరబడి కదలనీయకుండ వేడిలోను తేమలోను ఉంచుట దానికి కీడని తరువాత తెలిసినది.

భోగినాడు దానికి తీగ తగిలించితిమి. చాలసేపటికి తెర వెలిగినది. లోపల తిరుగలి చప్పుడుకు బదులు టిక్కు, టిక్కు మని గోడగడియారపు చప్పుడు. తిరుపతిలోనొక అంగడికి కొనిపోతిమి. అక్కడి కుఱ్ఱవాడు చెవియొద్ద పెట్టుకొని, "డిస్కు పోయిందక్కా. దీనికి సామాన్లు యాడా దొరకవు" అనెను. మావారు సెలవుపెట్టి, పోయిన పాటలు తీసియిత్తురను వారికొఱకు చెన్నపట్టణము తీసికొనిపోయిరి. వారు డిస్కును విప్పి, పళ్ళెముమీద గీతలు పడినవి, ఏమియు రాదని తిరిగియిచ్చిరి. ఖర్చెంతయో మావారు నాకు చెప్పలేదు, నేనడుగలేదు. మరల ఆ కుఱ్ఱవాని యొద్దకే పోతిని. "డిస్కు జాగాలో మెమరీకార్డు పెడితే పెట్టె పనిజేస్తుందక్కా. పాత పాటలు మాత్రం రావు" అనెను. అట్లే చేయించితిని. నాలుగుదినములకు పెట్టె బ్రతికి వచ్చినది. చక్రము త్రిప్పి చూచితిని. పాటలు: 0 అని యుండెను.

ఆ రాత్రి నిదురపట్టక తిరుమలలోని రాగిరేకులనుగూర్చి తలపోసితిని. 1503లో అన్నమాచార్యులవారు పరమపదించిరి. వారి కుమారులు పెదతిరుమలాచార్యులు కీర్తనలను రాగిరేకులపై చెక్కించిరి. రెండువేలకు పైబడిన రేకులు ఆలయములోని సంకీర్తనభాండారమను రాతిగదిలో పలుకరించువారు లేక తరములతరబడి పడియుండి, 1922 ప్రాంతమున వెలికివచ్చినవి. పెద్దలు చెప్పు 32,000 లో నేడు దొరకునవి సగమైనను లేవు. దొరకినవానిలో మాట నిలిచియున్నది. వానికి విద్యుత్తు అక్కఱలేదు, తిరుగుడు అక్కఱలేదు. కాని ప్రతికీర్తనకు రాగముపేరు మాత్రము చెక్కిరి, స్వరము చెక్కలేదు. ఆయన గొంతున నెట్లు పలికెనో యెవరికిని తెలియదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు నూఱుకు పైబడిన కీర్తనలకు స్వరములు కూర్చిరి. 1978లో దేవస్థానమువారు అన్నమాచార్య ప్రాజెక్టు నెలకొల్పినపిదప ఆ పని విరివియైనది. 2025 మార్చిలో మనలను విడిచిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు కట్టిన వరుసలనే మనము వందలకొలది కీర్తనలకు పాడుకొనుచున్నాము. రాగి మాటను కాచినది, పాటను మనుష్యులు మరల కట్టవలసివచ్చినది. ఆ రేకులలోను సువ్వులున్నవి, లాలులున్నవి, గొబ్బిళ్ళున్నవి. అవి అవ్వవంటివారి వాకిళ్ళనుండి అన్నమయ్యకు చేరినవేమో యని నాయనగారనెడివారు.

తెల్లవాఱినపిదప పలమనేరువైపు పల్లెలోనున్న మా మేనత్తకు ఫోను చేసితిని. అవ్వ పెద్దకూతురు, ఎనుబది దాటినది. "నాకేమొచ్చే పాటలే, అన్నీ మర్చిపోతిని" అన్నది. అయినను మేము మూడుసారులు బస్సెక్కి పోయితిమి. మొదటిసారి పాట రాలేదు. రెండవసారి, ఊరకున్నచో రాదని తెలిసి, ఆమె యెదుట రోలు పెట్టి కారము దంచ మొదలిడితిని. రోకలి పోటుతో నొక సువ్విపాట దానంతటదియే వచ్చినది. అమ్మాయి ఫోనులో పట్టినది, నేను నోటుబుక్కులో వ్రాసితిని. దాచిపెట్టి కాదు, అడిగియే పట్టితిమి. నలుబదిమూడింటిలో ఇప్పటికి పదునాలుగు వచ్చినవి. ఒక లాలిపాట వరుస మాత్రము అవ్వ పాడినట్లు లేదని నాకు తోచినది. తుదిని అవ్వ గొంతును కొంచెము పైకెత్తి నిలిపెడిది, అత్త దింపుచున్నది. ఆ మాట అనిన, "అమ్మ నాకూ పాడిందిలే, నీకే పాడిందా?" యని కోపగించినది. అత్త పాడినట్లే యుంచితిని. ప్రక్కపుటలో, పెన్సిలుతో, నాకు గుఱుతున్నట్లు వేఱుగా వ్రాసికొంటిని.

ఈసారి పాటలు పెట్టెలో నొకప్రతి, అన్నయొద్ద నొకప్రతి, మావారి కంప్యూటరులో నొకప్రతి. నోటుబుక్కు బీరువాలో లేదు, వంటయింటి గూటిలో నున్నది, పసుపుమరకలు పడినవి. పెట్టె తెరపై నిప్పుడు 14 అని కనబడుచున్నది. నిన్న పప్పుకు పోపు పెట్టుచు మొదటిపాట విన్నాను. నడుమ కోడికూత పడినది, రోకలి ఆగినది, తరువాత అత్త గొంతు: "ఉండు మే, ఆడ ఇంగో మాట ఉండాల..." కొంతసేపు ఏమియు లేదు. మరల రోకలి.