నేల క్రింది పని

గోడ అందముగా నున్నచో చూచినవారు మెచ్చుదురు. నేల చక్కగా నున్నచో ఎవరును గమనింపరు. లోపమున్నప్పుడే అది కాలికి తెలియును. హోసూరులోని మా యింటికి సిరామిక్ టైల్సు వేయించినప్పుడు ఈ సంగతి మాకు బోధపడినది.

మా తల్లిగారికి ఎనుబది యేండ్లు దాటినవి. పాత గచ్చు పగిలి గుంటలు పడుటచే వారు తరచు తూలుచుండిరి. అంగడిలో అద్దమువలె మెరయు టైల్సు చూపిరి. మేము గరుకైనవానిని కోరితిమి. నున్నని టైలుపై నీరు పడినచో ముదుసలి కాలు నిలువదు. వృద్ధులున్న యింట గరుకుదనమే అందము.

గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు. అడుగు చదరపు టైల్సు 120 కావలెను. కోతలకును, విరుగుళ్లకును నూటికి పది చొప్పున చేర్చి 132 తెచ్చితిమి.

మేస్త్రి యింటి భాష తెలుగు; చదివిన కొలది చదువు తమిళము. తెలుగు అక్షరములు అతనికి రావు. అయినను తాపీ, రసమట్టము, మూలమట్టము, తూకపుగుండు అను మాటలు అతని నోట సహజముగా వచ్చుచుండెను. మేము ఆంధ్రప్రదేశ్‌లో పండిత శిక్షణ పొందినవారము. వ్యాకరణము అచ్చట నేర్చితిమి. ఈ మాటలను మాత్రము ఈ మేస్త్రి యొద్దనే నేర్చితిమి.

అతని కుమారుడు మా బడిలో తొమ్మిదవ తరగతి. తండ్రి వృత్తి యేమని అడిగినచో తలవంచుకొను బాలుడు. ఆ దినమున తండ్రికి అన్నము తెచ్చెను. మేస్త్రి గదిమూలనుండి ఒక గోడవెంట 3 అడుగులు, రెండవ గోడవెంట 4 అడుగులు గుర్తించి, ఆ గుర్తుల నడుమ దారము పట్టుమనెను. సరిగా 5 అడుగులు వచ్చినచో మూల లంబకోణము. “అయ్యవారూ, ఇది మా లెక్కల పుస్తకంలో ఉంది!” అని బాలుడు ఆశ్చర్యపడెను. సాయంకాలమువరకు దారపు కొన వదలలేదు.

టైల్సును ముందుగా నీట నానవేసిరి. పొడి టైలు సిమెంటులోని తడిని పీల్చివేయును, పట్టు చాలదు. స్నానపుగదిలో నీరు నిలువకుండ గజమునకు అర అంగుళము వాటమిచ్చిరి. ప్రతి టైలును తాపీ పిడితో తట్టి చూచుచుండిరి. గుమ్మము కడ ఒకటి డొల్లగా మ్రోగెను. పైకి ఏ లోపమును లేదు. మా చెవికి ఆ భేదము తెలియనే లేదు. మేస్త్రి మాత్రము ముద్ద ఆరకమునుపే దానిని పెకలించి మరల వేసెను. “పెద్దమ్మ కాలు పడే చోటు అయ్యవారూ. కింద డొల్ల ఉంటే పైన ఎంత బాగున్నా ఒకనాటికి పగులుతుంది” అనెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ చేతిపనిలోని మాటలు చిన్నవని తలంపకుడు. వానిని మీ బిడ్డలకు చెప్పుడు. విద్యార్థులారా, మీ యింటి వృత్తికి సంబంధించిన పది మాటలను అడిగి తెలుగులో వ్రాసి తెండు. తండ్రి యొద్ద మాట యున్నది, కుమారుని యొద్ద అక్షరమున్నది. రెండును ఒక్క యింటిలోనే యున్నవి.