అర్ధరూపాయి నవలలు

పాత నవల ఒకటి పది రూపాయలకు కొని, రోజుకు అర్ధరూపాయి చొప్పున అద్దెకిస్తే ఇరవై రోజుల్లో అసలు చేతికొస్తుంది. ఆపైన వచ్చేదంతా లాభమే. 1988 వేసవిలో, పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఊరికే కూర్చున్న నాకు ఈ లెక్క చెప్పినాయన తెనాలి బజార్లో అద్దె నవలల షాపు నడిపేవారు. ఆయన్ని అందరూ బాబాయ్ అనేవారు, నేనూ అన్నాను. లెక్కలో తప్పేం లేదు. కాకపోతే అందులో పుస్తకం ఉంది, రోజులున్నాయి, చదివేవాళ్లు లేరు. మా వీధిలో నవలలు చదివే ఇళ్లు పన్నెండో పదమూడో. అన్నిళ్లూ తిరిగి, నేను షాపు పెట్టిన మా ఇంటి అరుగు మీదికి వచ్చేశాక ఆ పుస్తకం ఇక ఎవరికివ్వాలి?

ఆ రోజులు చూడనివాళ్లకు నవలని అద్దెకు తెచ్చుకోవడమే వింతగా అనిపించవచ్చు. వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడే సగం మంది చదివేసేవారు. పుస్తకంగా వచ్చాక మిగతావాళ్లు అద్దె షాపు మీద పడేవారు. యండమూరి ‘తులసిదళం’ రాత్రి చదవాలంటే భయమేసి, పగలే ముగించి దీపాలు పెట్టేలోపు తెచ్చిచ్చేసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, మల్లాది, కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో... ఎవరి పాఠకులు వాళ్లకుండేవారు. కొనుక్కుని చదివేవాళ్లు తక్కువ. ఒక్కసారి చదివేదానికి అంత డబ్బెందుకన్నది ఆడవాళ్ల వాదన. నిజానికి కొందరు మూడుసార్లు చదివేవారు, మూడుసార్లూ అద్దె కట్టే.

నా సరుకులో సగం అమ్మ ట్రంకుపెట్టెలోంచి వచ్చింది. పత్రికల్లోంచి సీరియల్ పేజీలు వారంవారం చింపి, దాచి, కుట్టించుకున్న బైండ్లు అవి. మిగతావి మామ్మ ఇచ్చిన రెండొందలతో, చిన్నమావయ్యని వెంటబెట్టుకుని బెజవాడ వెళ్లి, ఏలూరు రోడ్డు పక్కన పాత పుస్తకాల కొట్లలో బేరమాడి తెచ్చాను.

బైండింగు నేర్పింది కూడా చిన్నమావయ్యే. ఆయన ప్రెస్సులో పనిచేసేవాడు. అతికించిన నవలకి ఆయుష్షు లేదు, నాలుగిళ్లు తిరిగేసరికి ఫారాలు ఊడొస్తాయి. అందుకని ముందు పాత అట్ట పీకేసి, వీపున ఎండిపోయిన జిగురంతా గీకి, దబ్బనంతో బెజ్జాలు వేసి, మైనం రాసిన దారంతో కుట్టాలి. మైదాపిండి ఉడికించి, అందులో చిటికెడు మైలుతుత్తం కలిపి జిగురు చేసుకోవాలి. మైలుతుత్తం లేకపోతే మైదా వాసనకి బొద్దింకలు అట్టల్ని కొరికేస్తాయి. వీపుకి కాలికో గుడ్డ అంటించి, రాత్రంతా సన్నికల్లు బరువు పెడితే పొద్దున్నకి పలకలా బిగుసుకునేది. చివరి ఫారాన్ని మాత్రం రెండుసార్లు కుట్టమనేవాడు మావయ్య. మధ్యలో నాలుగు పేజీలు పోయినా జనం సర్దుకుంటారు, చివరి పేజీ పోతే మాత్రం ఆ పుస్తకం చిత్తుకాగితాల కింద లెక్క.

అమ్మకి తెలిసిన విషయం మావయ్యకి గానీ బాబాయికి గానీ తెలియదు. షాపుల్లో అందరూ రాసినట్టే నేనూ పుస్తకానికో పేజీ కేటాయించి, ఎప్పుడు ఎవరింటికెళ్లిందీ రాసుకునేదాన్ని. పుస్తకం ఎక్కడుందో దాంతో తెలుస్తుంది. కానీ మా షాపుకి పెద్దవాళ్లు వచ్చేవారు కాదు, పిల్లల్ని పంపేవారు. “మా అమ్మ ఏదైనా మంచిది ఇమ్మంది” అనేవాడు పిల్లాడు. ఇస్తే ఐదు నిమిషాల్లో వెనక్కి తెచ్చేవాడు, “చదివేసిందంట!” అంటూ. ఏవేవి చదివిందో ఆవిడకీ గుర్తుండదు. “అదే, ఆ డాక్టరు, ఆ పొగరుబోతు పిల్లా... అదైపోయిందమ్మా” అనేవారు. ఆ డాక్టరూ ఆ పిల్లా ఎన్ని నవలల్లో లేరు గనక! ఈ రాకపోకలన్నీ వంటింట్లోంచి వింటూ అమ్మ ఒకరోజు అంది, “పుస్తకాల లెక్క దేనికే, ఇళ్ల లెక్క రాయి.”

నోటుబుక్కు తిరగేసి వెనకనుంచి ఇంటికో పేజీ మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి పుస్తకాలకన్నా అదే ఎక్కువ చదవబుద్ధేసేది. మూలింటి మామ్మగారికి అక్షరాలు పెద్దగా ఉండాలి, చివర్లో ఎవరూ చావకూడదు. రిటైరైన మాస్టారొకాయన షాడో నవలలకి న్యూస్‌పేపరు అట్ట వేయించుకుని మరీ తీసుకెళ్లేవారు. కొత్తగా కాపురానికొచ్చిన ఒక కోడలు అత్తగారికి తెలియకుండా చదివేది. కూరల సంచిలో బీరకాయల కింద పుస్తకం వెళ్లేది, అలాగే వచ్చేది. ఆ పేజీ మీద పేరు రాయలేదు, వాళ్ల గేటు మీదుండే తీగని బట్టి ‘సన్నజాజి’ అని రాసుకున్నాను. నేను ఆడపిల్లని గనక పెరటి గుమ్మం దాకా వెళ్లగలిగాను. బజార్లో కూర్చున్న బాబాయికి ఆ వీలు లేదు.

ఇప్పుడు ఆ ఇరవై రోజుల లెక్కకొస్తాను. అన్ని పేజీల్లోనూ ఒక పుస్తకం పేరు కనబడిందంటే మా వీధిలో దాని పని అయిపోయినట్టే. అలాంటివి ఏరి, సైకిలు మీద బాబాయి షాపుకి తీసుకెళ్లి, ఒకటికొకటి మార్చుకునేదాన్ని. నన్ను పోటీ అనుకోవలసిన మనిషి. కానీ ఆయనకీ అదే బాధ, పాత ఖాతాదార్లు ఆ అరల వైపే చూడ్డం మానేశారు. పైగా నా దగ్గరున్న సీరియల్ బైండ్లు ఆయన దగ్గర లేవు. నా పుస్తకాలు కొత్త వీధులకెళ్లాయి, ఆయనవి మా ఇళ్లకొచ్చాయి. ఇద్దరిలో ఎవరూ పైసా పెట్టలేదు. పుస్తకం డబ్బులు సంపాదించడానికి రోజులు గడిస్తే చాలదు, వీధులు మారాలి. ఏ వీధికి ఏది కొత్తో తెలిసినవాళ్లు పెట్టుబడి లేకుండానే కొత్త సరుకు పెట్టినట్టు. తర్వాత నేను చదివిన కామర్స్ పుస్తకాల్లో దీనికి పెద్ద పెద్ద పేర్లే ఉన్నాయి.

‘మీనా’తో మాత్రం ఎప్పుడూ తంటాయే. యద్దనపూడి గారు దాన్ని రెండు భాగాలు చేశారు. మొదటి భాగం చదివినావిడ రెండోది ఎవరింట్లో ఉందో కనుక్కుని నేరుగా ఆ ఇంటికే వెళ్లిపోయేది. అక్కడ నుంచి ఇంకొకరు. నా పుస్తకం నా ప్రమేయం లేకుండా వీధంతా తిరిగేది, అద్దె ఎవరి దగ్గర వసూలు చేయాలో తేలేది కాదు.

బి.కాం.లో మర్కంటైల్ లా చదువుతుంటే ఇంకోటి తెలిసింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. అయితే మరి ఆ షాపు ఎవరి మీద నడిచింది? డిపాజిట్ ఐదు రూపాయలు నా చేతికి ఎవరూ ఇవ్వలేదు, అమ్మ చేతికే ఇచ్చేవారు. పుస్తకం తిరిగి రాకపోతే అమ్మ వెళ్లి గడపలో కూర్చుని, ఊసులు చెప్పి, లేచేటప్పుడు ఆ ఊసెత్తేది. షాపు నాదే, పరపతి ఆవిడది. చిన్నవయసులోనే సొంత కాళ్ల మీద నిలబడ్డానని గొప్పలు చెప్పుకునేవాళ్లని చూస్తే ఆ కాళ్ల కింది అరుగు ఎవరిదని అడగాలనిపిస్తుంది.

మా అన్నయ్య కూతురు ఇప్పుడు ఇంటర్ చదువుతూ క్రోషే పూలు అల్లి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతోంది. డబ్బులు వాళ్లమ్మ ఫోన్‌పేకి వస్తాయి. ఎంతమంది ఫాలో అవుతున్నారో చెప్పింది. రెండోసారి కొన్నదెవరని అడిగాను. “చూడాలత్తా” అంది. ఇంకా చూసినట్టు లేదు.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక అద్దె షాపులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. నేను అంతకుముందే, ఇంటర్ అయిపోయి గుంటూరు హాస్టల్‌కి వెళ్లేటప్పుడే, సరుకంతా బాబాయికి అమ్మేశాను. ఒక్కొక్కటీ తిప్పి, వీపు తడిమి, చివరి పేజీ చూసి పక్కన పెట్టారు. అన్నీ అయ్యాక, ఆ నోటుబుక్కు కూడా ఇస్తే దానికి విడిగా యాభై ఇస్తానన్నారు. అందులో సన్నజాజి పేజీ ఉంది. ఇవ్వనన్నాను. “అది లేకపోతే ఇవి ఉత్త కాగితాలే కదమ్మాయ్” అని మొత్తంలో ఇరవై తగ్గించారు. ‘మీనా’ రెండో భాగం లేదని ఇంకో ఐదు కోశారు.