నల్లరేగడి మీద నాలుగు అంగుళాలు

అనంతపురం అనగానే హాస్టల్లో అందరికీ గుర్తొచ్చేది ఎర్రనేల, వేరుశెనగ, కరువు. జిల్లా అంతా ఎర్రనేలే అనుకుంటారు. ఉరవకొండ, గుంతకల్లు, తాడిపత్రి వైపు వచ్చి చూడండి, నల్లరేగడి కనిపిస్తుంది. పప్పుశెనగకు అది బంగారం. దాని మీద ఏదైనా కట్టాలంటే మాత్రం తలనొప్పి. నేను రాయబోయేది మా ఇంటి వెనక 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉన్న ఒక రేకుల షెడ్డు గురించి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే దాని నేల గురించి. ఇంత చిన్నదానికి ఒక వ్యాసమా అనుకోవద్దు. మా ఇంట్లో నలుగురి తిండి ఆ నేల మీదే నడుస్తుంది.

మా నాయన బోరు మోటార్లకు వైండింగ్ కడతాడు. బోర్లు ఎండేకొద్దీ రైతులు మోటారును ఇంకా లోతుకు దించుతారు. నీళ్లు అందక మోటారు కాలుతుంది. కాలిన మోటారు మా షెడ్డుకొస్తుంది. షెడ్డులో పదహైదేళ్ల కింద తాడిపత్రి బండలు పరిచారు. ఒక్కొక్క వానాకాలం పోయేకొద్దీ ఒక బండ పైకి లేచేది, పక్కది కుంగేది. రెండేళ్ల కింద చైన్ పుల్లీ కట్టిన మూడు కాళ్ల స్టాండు ఒక కాలు బండల సందులో దిగబడి ఒరిగింది. మోటారు జారి నాయన పాదం మీద పడింది. రెండు వేళ్లు విరిగాయి, రెండు నెలలు పని లేదు. అప్పుడే అమ్మ చెప్పేసింది, "ఈ నేల మార్చకపోతే నువ్వు ఆ షెడ్డులోకి పోవద్దు" అని.

బండల తప్పేం లేదు. వాటి కింద మట్టే కదులుతుంది. నల్లరేగడిలో మాంట్‌మోరిల్లనైట్ అనే బంకమన్ను ఖనిజం ఉంటుంది. దాని పొరల మధ్యకు నీళ్లు దూరితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఎండాకాలం మా చేలల్లో చెయ్యి దూరేంత నెర్రెలు పడేది అందుకే. ఎంత ఉబ్బుతుందో తెలుసుకోవడానికి మన సాయిల్ ల్యాబ్‌లో తేలికైన పరీక్ష ఉంది. జల్లించిన పొడిమట్టి పది గ్రాములు నీళ్లున్న సిలిండర్లో, ఇంకో పది గ్రాములు కిరోసిన్ ఉన్న సిలిండర్లో వేసి ఒక రోజు వదిలేయాలి. కిరోసిన్‌కు మట్టి ఉబ్బదు. నేను సెలవుల నుంచి వచ్చేటప్పుడు మా పెరటి మట్టి ఒక కవర్లో తెచ్చి వేశాను. కిరోసిన్‌లో 11 మిల్లీలీటర్లు, నీళ్లలో 19. అంటే 73 శాతం. 50 దాటితేనే జాగ్రత్త పడాలి.

ఈ లెక్క పట్టుకుని ఇంటికి పోతే బేల్దారి మామ నవ్వినాడు. "సిమెంటు రాయి మాదిరి ఉంటాది గదప్పా. అడుగున మట్టి ఏం చేస్తాది? బండలు పీకి మూడంగుళాలు పోస్తే సరి." నాయన అటు తల ఊపాడు, ఇటు నన్ను చూశాడు. మూడేళ్ల ఫీజు ఆ చూపులో ఉంది.

నేను మామను ఒకటే అడిగాను. "మామా, మన ఊర్లో ఇండ్లకు గోడలు ఫస్టు యాడ పగుల్తాయి?" ఆయన ఆలోచించకుండానే చెప్పినాడు. "చూరు నీళ్లు పడే పక్క. మూలల్లో."

పుస్తకంలో ఉన్నది కూడా ఇదే. కట్టడం కింద మధ్యలో మట్టి తేమ పెద్దగా మారదు. అంచుల్లోనే వాన పడితే ఉబ్బుతుంది, ఎండ కాస్తే ముడుచుకుంటుంది. నేలంతా ఒకేసారి లేచి ఒకేసారి దిగితే ఇబ్బంది లేదు. అంచు లేచి నడుము లేవకపోతేనే పలక విరుగుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మా జిల్లాలో నెలల తరబడి ఎండి, నాలుగు రోజుల్లో తడిసిపోయే మట్టికి ఈ ఊపు ఇంకా ఎక్కువ.

ఇది మన ఒక్కరి బాధ కాదు. ఆస్ట్రేలియాలో ఇల్లు కట్టేముందు ఆ స్థలం మట్టి ఎంత కదులుతుందో చూసి తరగతి ఇస్తారు, దాన్ని బట్టి నేల పలక మందం, కమ్మి నిర్ణయిస్తారు. టెక్సస్‌లో పలక లోపల తీగలు బిగించి పోస్తారు. మన దేశంలో ఐఐటీ బాంబేలో ఆర్.కె. కట్టి గారు నల్లరేగడి మీద ఏళ్ల తరబడి పని చేసి, పైన ఉబ్బని బంకమట్టి పొర పరిస్తే కింది మట్టి అదుపులో ఉంటుందని చూపించారు. ఆ పొర మీటరు దాకా ఉంటే మంచిది. మా దగ్గర ఉన్న డబ్బుకు రెండడుగులే కుదిరింది. నల్లమట్టి తీసేసి, ఎనిమిది ట్రాక్టర్ల ఎర్ర గరుసు తోలించి, అర అడుగుకో పొర వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టించాం. షెడ్డు చుట్టూ మూడడుగుల వాలు కట్టి, రేకుల నీళ్లు దూరంగా పోయేట్టు కాలువ తీశాం. ఈ వాలు ఆలోచన మామదే.

అసలు గొడవ నీళ్ల దగ్గర వచ్చింది. ఎండ, వేడి గాలి ఉన్నచోట కనీసం 10 రోజులు క్యూరింగ్ చేయమంటుంది ఐఎస్ 456. మేం తెచ్చిన పీపీసీ లాంటి సిమెంటుకు 14 రోజులు మంచిదంటుంది. మామ పద్ధతిలో మడి కట్టి రెండంగుళాల నీళ్లు నిలబెడితే మొదటి రోజే 1,400 లీటర్లు. రోజుకు ఒక సెంటీమీటరు ఆవిరైపోతుందనుకున్నా ఇంకో 280. మొత్తం 5,000 లీటర్లు దాటుతుంది, ఒక ట్యాంకరు పైమాటే. మా కొళాయికి రెండు రోజులకోసారి నీళ్లొస్తాయి. అమ్మ మొహం చూసి ఎవరికీ మాట రాలేదు.

అందుకే శెనక్కాయల గోతాలు విప్పి పరిచి, తడిపి, పైన ప్లాస్టిక్ పట్ట కప్పాం. రోజుకు పది బిందెలు సరిపోయాయి. 14 రోజులకు రెండు వేల లీటర్ల లోపే. అవి కూడా కొళాయి నీళ్లు కావు, పక్క చేను బోరు నీళ్లు. మా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. ఈ జిల్లాలో గారపట్టిన పళ్లు చూస్తే ఆ సంగతి ఎవరైనా చెప్తారు. కానీ కాంక్రీటు నీళ్లకు పెట్టిన హద్దుల్లో ఫ్లోరైడ్ పేరే లేదు. కమ్మి ఉన్న కాంక్రీటుకు క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, ఉదజని సూచిక 6కు తగ్గకూడదు, ఇలాంటివే. బోరు నీళ్లు పరీక్ష చేయించాకే వాడాం. మా నోటికి పనికిరాని నీళ్లు షెడ్డుకు పనికొచ్చాయి. ఇది విని అమ్మ నవ్వింది కానీ, నాకు నవ్వు రాలేదు.

పోసే రోజు సాయంత్రం నాలుగు దాటాకే మిల్లర్ తిప్పమన్నాను. మా వైపు గాలి ఎట్లుంటుందో రామగిరి గాలిమరలు చూసినవాళ్లకు తెలుసు. గంటకు చదరపు మీటరుకు ఒక కిలో నీళ్లు ఆవిరయ్యే పరిస్థితి ఉంటే, పోసిన కాంక్రీటు గట్టిపడకముందే పైన చీలుతుంది. ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్ల మిశ్రమంలో మూటకు 30 లీటర్ల నీళ్లే అని గీత గీశాం. కూలీలకు పార తిరగడం కష్టమై ఇంకో అర బకెట్టు పోయబోయారు. సిమెంటు నిజంగా కలుపుకునేది తన బరువులో నాలుగో వంతు నీళ్లనే. మిగతాది ఆవిరై, ఆ చోట రంధ్రాలు మిగుల్తాయి. ఇదంతా నేను చెప్పేలోపు నాయన బకెట్టు తీసుకుని పక్కన పెట్టేశాడు. "పిల్లోడు లెక్క వేసినాడు. ఆ లెక్కనే పోయండి" అన్నాడు. మామ ఏమీ అనలేదు. మరుసటి పొద్దున నాలుగు మడులుగా అంగుళం లోతు జాయింట్లు కోసింది ఆయనే. పగలడం తప్పనప్పుడు మనం గీసిన చోటే పగలాలి కదా.

అక్టోబరు వానలు పడ్డాయి. నీళ్ల లెవెల్ పైపుతో నాలుగు మూలలూ కొలిచాను. ఉత్తరం మూల మూడు మిల్లీమీటర్లు లేచింది, మిగతావి కదలలేదు. ఒక జాయింటు కింద వెంట్రుక మందం చీలిక వచ్చింది, అది రావాల్సిన చోటే వచ్చింది. రెండడుగుల గరుసు ఎన్ని వానాకాలాలు ఆపుతుందో ఇప్పుడే చెప్పలేం. గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టాను, తేదీ వేశాను. నాయన ఇప్పుడు ఒక్కడే చైన్ పుల్లీ తిప్పుతాడు, స్టాండు కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టడం మానేశాడు.

సంక్రాంతికి ఇంటికి పోయేవాళ్లు మీ పెరటి మట్టి ఒక పిడికెడు తెచ్చుకోండి. సాయిల్ ల్యాబ్‌లో ఆ రెండు సిలిండర్లు మామూలుగా ఖాళీగానే ఉంటాయి.