చీలిన గోరు

‘గోరుచుట్టుపై రోకటిపోటు’ అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. వ్రేలికొనలయందు స్పర్శను, నొప్పిని తెలుపు నరములు మిక్కిలి దట్టముగా నుండును. అందుచేతనే అచట తగిలిన చిన్న దెబ్బయు ప్రాణమును తోడివేయును. అయినను బాధ తగ్గినంతనే గాయమును మఱచుట మనకు అలవాటు. నేనును మఱచియుందును గాని, నా కుడిచేతి నడిమివ్రేలు నన్ను మఱవనీయలేదు.

నా యెనిమిదవ యేట మా వీధితలుపు సందున ఆ వ్రేలు నలిగెను. గోరు సగము లేచెను. మా యమ్మ తనకు తెలిసిన వైద్యమే చేసెను. లేచిన గోటిని లాగివేసి, పసుపు అద్ది, పాతగుడ్డతో కట్టెను. పుండు మానెను. కాని క్రొత్తగా వచ్చిన గోరు నడుమ చీలి రెండు పలకలుగా పెరిగెను. నేటికిని అది అట్లే యున్నది. చొక్కా తొడుగుకొనునప్పుడెల్ల దారములను పట్టి లాగుచుండును.

కడచిన యేడు ఏడేండ్ల నా మనుమరాలికి అదే గతి పట్టెను. బళ్ళారిలోని అనేక గృహములయందువలె మా యింటను జీన్సు కుట్టుపని సాగుచుండును. బట్టల మూటలు లోనికి చేర్చి తలుపు మూయుచుండగా బిడ్డ వ్రేలు నలిగి, గోరు మొదలు చర్మమునుండి పైకి లేచెను. ఇంటివారు పసుపు తెచ్చిరి. నేను నా వ్రేలిని చూపి, “ఈ యింట ఇట్టి గోరు ఒకటి చాలును” అని, గాయమును మంచినీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ చుట్టి, బిడ్డను ఆసుపత్రికి గొనిపోయితిని.

శస్త్రవైద్యుడు కన్నడిగుడు. బిడ్డ ‘గోరు’ అనగా ఆయన ‘ఉగురు’ అనెను. రెండును ఒకే ప్రాచీన ద్రావిడ పదమునుండి పుట్టినవేయని నేను చెప్పగా ఆయన నవ్వెను. బిడ్డయు ఏడ్పు మాని వినెను.

ఇట్టి గాయములలో పెక్కుసారులు వ్రేలికొన యెముకయు విఱుగును గనుక మొదట ఎక్స్‌రే తీయించెను. పిదప నాకిట్లు వివరించెను: గోరు ప్రాణములేని పలక మాత్రమే. దానిక్రింద మెత్తని శయ్య కలదు. చర్మపు మడతక్రింద దాగిన దాని మొదటిభాగము గోటిని పుట్టించును; తక్కినభాగము గోటిని అంటిపెట్టుకొని ముందునకు సాగనిచ్చును. శయ్య చీలి, అంచులు సరిగా కలియక మానినచో మచ్చ యేర్పడును. ఆ మచ్చవలన గోరు చీలును, లేదా వంకరగా పెరుగును. నా గోటి రహస్యము యేబది యేండ్లకు నాకట్లు తెలిసెను.

వ్రేలి మొదట మత్తుసూది వేసి, రక్తము కాఱకుండ కొంతసేపు రబ్బరుపట్టీ బిగించెను. గోటిని మెల్లగా తీసి, శయ్యను కడిగి, భూతద్దపు కంటిజోడుతో చూచుచు, వెండ్రుకవంటి సన్నని దారముతో అంచులను కలిపి కుట్టెను. ఆ దారము తనంతట కరగిపోవునట. తీసిన గోటిని మరల అమర్చవలెనా యని అడిగితిని. అమర్చుట చిరకాలపు ఆచారమనియు, బ్రిటనులో 451 మంది పిల్లలపై జరిపి 2023లో ప్రకటించిన పరిశోధనలో అమర్చినను అమర్చకున్నను చెప్పుకోదగిన భేదము కనబడలేదనియు చెప్పెను.

ప్రతి దెబ్బకును కుట్లు అక్కఱలేదు. గోరు చెదరక, క్రింద రక్తము మాత్రము గడ్డకట్టి నొప్పించినచో, వైద్యుడు గోటికి చిన్న రంధ్రము చేసి దానిని వెడలించును. ఏది అవసరమో నిర్ణయింపవలసినవాడు వైద్యుడే.

కావున తలిదండ్రులారా! లేచిన గోటిని లాగకుడు. పసుపు, సున్నము, కాఫీపొడి అద్దకుడు. శుభ్రమైన గుడ్డ చుట్టి, చేతిని పైకెత్తి పట్టి, ఆనాడే ఆసుపత్రికి పొండు. ధనుర్వాతపు టీకా సంగతి అడుగుడు. వ్రేలికొన తెగిపడినచో దానిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో నుంచి, ఆ సంచిని మంచుగడ్డలపై పెట్టి కొనిపొండు. కొనను నేరుగా మంచున ఉంచరాదు. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనుట యేల?

చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును గనుక ఫలితమునకై ఆరుమాసములు వేచితిమి. సంక్రాంతినాడు ముగ్గుపిండి అంటిన తన వ్రేలిని బిడ్డ నా వ్రేలి ప్రక్కన నుంచెను. దాని గోరు నున్నగా, నిండుగా నుండెను.

“తాతా, నీ గోరెందుకు కుట్టించుకోలేదు?” అని యడిగెను.

మా యమ్మను తప్పుపట్ట నాకు మనసొప్పలేదు. “అప్పుడు మాకెవ్వరికీ తెలియదమ్మా” అంటిని.