సూర్యాపేటలో దిగిన పూట

కల్లంలో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో మా యింట్లో యెవరూ పెద్ద మాటలు మాట్లాడరు. తుమ్ములకే తీరిక చాలదు. అటువంటి మాఘమాసపు మధ్యాహ్నం మా మనవడు పై యేడు సైనిక స్కూలు పరీక్ష రాస్తానని కూర్చున్నాడు. కోడలు చేతిలో చేట కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మా అబ్బాయి నావంక చూశాడు, వాడికి నేనే నూరిపోసినట్టు.

నూరిపోయలేదు గాని, చూపించిన మాట నిజం. కిందటేడు హైదరాబాదు పెళ్ళికి పోతూ సూర్యాపేటలో బస్సు దిగి, కర్నల్ బిక్కుమళ్ళ సంతోష్‌బాబు విగ్రహం ముందు వాణ్ణి నిలబెట్టాను. ఆ వూరి పిల్లవాడే. ఆరో తరగతికే విజయనగరం పక్కన కోరుకొండ సైనిక స్కూలులో చేరాడు. 2004లో 16వ బీహారు పటాలంలో ఆఫీసరయ్యాడు, ఐక్యరాజ్యసమితి తరఫున కాంగో వెళ్ళివచ్చాడు, చివరకు తాను చేరిన పటాలానికే అధిపతి అయ్యాడు.

2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లో, గల్వాన్ లోయలో, సుమారు 14,000 అడుగుల యెత్తున చైనా సైనికులతో పోరు జరిగింది. సరిహద్దు రేఖ దగ్గర తుపాకులు వాడరాదని రెండు దేశాలకూ 1996 నాటి ఒడంబడిక వుంది. అందుకని తూటా పేలలేదు. రాళ్ళూ, మేకులు దిగిన కర్రలూ. ఒళ్ళంతా గాయాలైనా ఆయన వెనక్కు రాలేదు, కడవూపిరి దాకా తనవాళ్ళకు ముందే నిలబడ్డాడు. అక్కడ మనవాళ్ళు 20 మంది పోయారు. ఆయనకు 37 యేళ్ళు. మహావీరచక్ర ప్రకటించారు, 2021 నవంబరులో ఢిల్లీలో తల్లీ, భార్యా వెళ్ళి అందుకున్నారు.

ఇవన్నీ మనవడికి చెప్పాను. చెప్పనిది ఒకటుంది. ఆ తండ్రి బాంకు ఉద్యోగి. తనకు సైన్యంలో చేరాలని వుండేదట, కుదరలేదట; ఆ కోరిక కొడుకులో తీర్చుకున్నానని ఆయనే అన్నాడు. పత్రికలో అది చదివిన రోజు నాకు అన్నం దిగలేదు. 1971లో గుంటూరులో సైన్యానికి మనుషులను తీసుకుంటున్నారంటే చెప్పకుండా పోయినవాణ్ణి నేను. కొలతలు సరిపోయాయి, పేరు రాసుకున్నారు. ఇంటికి వస్తే మా అమ్మ రెండు రోజులు మంచినీళ్ళు ముట్టలేదు. మూడోనాడు నేను పత్తి చేలో పాటు చేస్తున్నాను. ఆ కోపం మా అమ్మ పోయిందాకా లోపల దాచుకున్నాను. ఆమెకు తెలుసుననే నా అనుమానం.

మరి ఇప్పుడు మనవడి నోట వచ్చినది వాడి మాటా, నా మాటా? సూర్యాపేటలో బస్సు దిగింది వాడి కోసమేనా?

సాయంత్రం కోడలు కాఫీ తెచ్చి, "మావయ్యా, చక్రం తీసుకునేటప్పుడు ఆ తల్లి యేడ్చిందా?" అని అడిగింది.

"నేను చూడలేదమ్మాయ్," అన్నాను. అబద్ధం. టీవీలో చూశాను.

ఆమె కాసేపు గుమ్మంలో నిలబడింది. "పరీక్ష రాయనివ్వండి. కాని వాడికి మీరింక యేమీ చెప్పకండి," అన్నది.

పడమట మబ్బు పట్టింది. ఇద్దరం పట్టాలు తీసుకుని కల్లానికి పరుగెత్తాం.