ఎవరైతేనేం, మీ వాళ్ళేగా!

ఏలూరులో మా పేట తమ్మిలేటి గట్టు కింద ఉంది. వరదొస్తే ఊళ్ళో ముందు మునిగేది మేమే. మామూలు రోజుల్లో మా సందులోకి రావడానికి ముక్కు మూసుకునే పెద్దమనుషులు అయిదేళ్ళకోసారి వరస కడతారు. ‘ఒసేయ్’ అనే నోళ్ళే ఆ పదిరోజులూ ‘అమ్మా’ అంటాయి. డబ్బుకీ సారాకీ ఓటమ్ముకుంటారని మా మీద వేసే నింద పాతదే. మేడల్లోకి కవర్లు వెళ్ళవా? నేను చెప్పదల్చుకుంది ఆ సంగతి కాదు. మేం ఓటెవరికి వెయ్యాలో మాకంటే ముందు ఎవరు తేలుస్తున్నారు అన్నది.

ఏలూరు మునిసిపాలిటీ 1866లో పుట్టింది. తెల్లవాళ్ళ కాలంలో మునిసిపల్ ఓటు పన్ను కట్టేవాడిది, ఆస్తి ఉన్నవాడిది. మా తాతముత్తాతలకి ఊరి చెత్త ఎత్తే పని ఉంది గాని ఓటు లేదు. వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటుండాలని అంబేద్కర్ 1928లోనే సైమన్ కమిషన్ ముందు అడిగాడు. రాజ్యాంగం వచ్చాకగాని అది మా చేతికి రాలేదు.

మా అమ్మ ఊడ్చే పనికి పోయేది. ఓట్ల రోజున మాత్రం ఉతికిన చీర కట్టుకుని, తను ఊడ్చే వీధుల్లోంచే నడిచి వెళ్ళేది. ఆడాళ్ళ వరసలో ముందు కామందుగారి ఇల్లాలు, వెనక షావుకారి కోడలు, మధ్యలో మా అమ్మ. “ఎడంగా నిలబడవే అని ఆ ఒక్క చోట ఎవురూ అన్లేదురా” అనేది. ఆ సిరా మరక గోరు మీంచి పోయేదాకా చూసుకుని మురిసిపోయేది. ఓటంటే మా అమ్మకి ముందు అది.

1993లో 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకొచ్చింది. పట్టణాల్లో జనాభా లెక్కన దళితులకి వార్డులు కేటాయించాలి. వాటిలో మూడోవంతు ఆడవాళ్ళకివ్వాలి. అయిదేళ్ళకోసారి ఎన్నికలు పెట్టాలి. వాటిని జరిపించడానికి రాష్ట్రానికో ఎన్నికల సంఘం. ఆ సవరణ తర్వాత మొదటి మునిసిపల్ ఎన్నికలు 1995లో జరిగాయి. మా వార్డు ఎస్సీ మహిళకి వచ్చింది. అంబేద్కర్ శతజయంతి జరిగిన 1991లోనే, చుండూరులో మనవాళ్ళని నరికి చంపిన ఆ ఏడే, మా పేట కుర్రాళ్ళు సంఘం పెట్టుకుని ఉన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి అరుగు మీద కూర్చుని, మా పిన్నమ్మని నిలబెట్టాలని తీర్మానించారు. పిన్నమ్మ ఏడో తరగతి చదివింది. పేటలో ఎవరికి అర్జీ కావాలన్నా తనే రాసేది.

కామందు అప్పటికే వేరొకామెని ఖాయం చేసుకున్నాడు. వాళ్ళ గొడ్లసావిట్లో పేడ తీసే మనిషి. మా పేటామే. ఆమె మొగుడు ఆయన ట్రాక్టరు తోలేవాడు. ఆమెకి నామినేషను కాగితం ఏమిటో కూడా చెప్పలేదు. వేలు పట్టుకుని సంతకం దిద్దించారు.

నామినేషన్ల పరిశీలన అయ్యాక ఉపసంహరణకి గడువుంటుంది. బెదిరింపులూ బేరాలూ నడిచేది ఆ రోజుల్లోనే. గడువుకి ముందురోజు సాయంత్రం కామందు మా పేటకొచ్చాడు. మా ఇంట్లో కుర్చీ ఉన్నా తన కుర్చీ మనిషి చేత మోయించుకొచ్చుకున్నాడు.

“ఏమే, పోటీ ఎందుకు? సీటు మీకేగా ఇచ్చారు. ఎవరైతేనేం, మీ వాళ్ళేగా!” అన్నాడు.

“ఆయ్, మా వాళ్ళేనండి. మా వాళ్ళెవరో మేం చెప్పుకుంటామండి” అంది పిన్నమ్మ.

పేటంతా పిన్నమ్మ వైపే నిలబడింది. అయినా ఓడిపోయింది. ఓట్లు లెక్కపెట్టేచోట కూర్చున్న మా కుర్రాళ్ళకి అప్పుడు బోధపడింది. మా పేట ఓట్లు మాకు పడ్డాయి. రోడ్డవతలి ఓట్లన్నీ కామందు చెప్పినామెకి పడ్డాయి. వార్డులో వంద ఓట్లుంటే మనవి నలభై అనుకోండి. ఆ నలభైమందీ ఒక్కమాట మీదున్నా మిగతా అరవైమంది కోరుకున్న దళితురాలే గెలుస్తుంది. నిలబడే హక్కు మనకే, తేల్చే బలం వాళ్ళకి. 1932లో పూనా ఒప్పందం దగ్గర అంబేద్కర్‌ని పట్టి పీడించిన ప్రశ్న ఇదే. ప్రత్యేక నియోజకవర్గాలు పోయి ఉమ్మడి ఓటుతో రిజర్వుడు సీట్లు వచ్చాయి. ఢిల్లీ సంగతిగా పుస్తకంలో చదువుకున్నది మా సందు చివర జరిగితే గాని మాకు ఎక్కలేదు.

ఆ నెల్లోనే కామందు ఇంటా ఆయన చుట్టాల ఇళ్ళలోనూ మా పేట ఆడాళ్ళు ముగ్గురికి పాచిపని పోయింది. అందులో ఒకామె మా అమ్మ తోడబుట్టింది. ఓటుకి మేం కట్టిన ధరావతు అది.

గెలిచినామెని నేను తప్పుపట్టను. ఆమె కాగితాలన్నీ కామందు అరుగు మీదే సంతకాలయ్యేవి. మీటింగుకి వెళ్తే మాట్లాడేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. ఓ రాత్రి కొంగు కప్పుకుని మా ఇంటికొచ్చింది. “అక్కా, మన పేటకి కుళాయి అడుగుదామంటే నాకు రాయడం రాదు. ఆళ్ళని అడిగితే మనకెందుకే అంటన్నారు” అని పిన్నమ్మ దగ్గర కూలబడింది. తనని ఓడించిన మనిషికి పిన్నమ్మ దీపం ముందు కూర్చుని అర్జీ రాసిచ్చింది. ఆమె దాన్ని ఎవరికీ చూపించకుండా రైకలో పెట్టుకెళ్ళి మీటింగులో ఇచ్చింది. ఏడాది తిరిగాక కుళాయి వచ్చింది. ఆ అయిదేళ్ళలో ఆమె తనకై తను పెట్టిన సంతకం అదొక్కటే అనుకుంటాను. తర్వాత రెండో అర్జీ రాసుకునేలోగా కాలం అయిపోయింది. రొటేషన్లో రిజర్వేషను వేరే వార్డుకి పోయింది. ఆ తర్వాత ఇద్దర్నీ ఏ పార్టీవాడూ పిలిచిన పాపాన పోలేదు.

2005లో ఏలూరు కార్పొరేషనయింది. వార్డులు డివిజన్లయ్యాయి. అంతకుముందు ఊరి చైర్మన్ని జనం నేరుగా ఎన్నుకునేవాళ్ళు. అప్పట్నుంచి మేయర్ని కార్పొరేటర్లే ఎన్నుకుంటున్నారు. ఇప్పుడు డివిజన్లో మన మనిషి నోరున్న మనిషి కాకపోతే మేయరు కుర్చీ దగ్గర మన మాట అస్సలుండదు.

2020 డిసెంబరులో ఊళ్ళో జనం ఉన్నట్టుండి మూర్ఛపోయారు. ఆరొందలమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. తాగే నీళ్ళా, పురుగుమందులా, సీసమా అని దేశమంతా మాట్లాడింది. మూడు నెలలు తిరిగేసరికి, 2021 మార్చి 10న, కార్పొరేషను ఎన్నికలు వచ్చాయి. నీళ్ళ గురించి అడగడానికి అంతకన్నా మంచి అదనుంటుందా? ఓటర్ల జాబితా మీద హైకోర్టులో కేసులుండడంతో బ్యాలెట్ పెట్టెలు నాలుగున్నర నెలలు తాళాల్లో ఉన్నాయి. జూలై 25న లెక్కపెట్టారు. 50 డివిజన్లలో 47 ఒక్క పార్టీకే వచ్చాయి. ఎవరి జెండా అన్నది పక్కన పెట్టండి. ఊరు ఊరంతా ఒకవైపున్నప్పుడు మా పేట నీళ్ళ సంగతి అక్కడ లేచి అడిగేదెవరు?

చదువుకున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు ఓట్ల నెలలో కరపత్రాలు పట్టుకొస్తారు. అప్పటికి పని సగం అయిపోయి ఉంటుంది. డివిజన్ల హద్దులు గీసేటప్పుడు పేటని రెండుగా కోస్తున్నారేమో చూడండి. ముసాయిదా జాబితా గోడకి అంటించినప్పుడు ఇంటింటి పేర్లూ సరిచూడండి. అభ్యంతరాలకి ఇచ్చిన గడువు తక్కువ. అది దాటితే పేరెక్కించుకోవడం కష్టమవుతుంది. రోడ్డవతల ఉన్న బీసీలతో, సాయిబులతో మాట కలపండి. వాళ్ళ కుళాయి కూడా ఎండుతూనే ఉంది. ఆ అరవైలో పదకొండుమంది ఇటొస్తే చాలు, కామందు లెక్క తప్పుతుంది.

ఇవన్నీ అయ్యాక మన మనిషిని మనం ముందే ఎంచుకోవాలి. గెలిచాక ఆమెని ఒంటరిగా వదలకూడదు. అర్జీ రాసేవాళ్ళు, మీటింగు దాకా తోడెళ్ళేవాళ్ళు ఆ అయిదేళ్ళూ పక్కనుండాలి. 1995లో మా పేటకి ఒక నిలబడే మనిషీ, ఒక గెలిచిన మనిషీ ఉన్నారు. ఆ ఇద్దరినీ మొదటిరోజే ఒకచోట కూర్చోబెట్టి ఉంటే కుళాయి ఒక్కటే కాదు, కాలవా వచ్చేది, దీపమూ వచ్చేది.